ఎలుగుబంటి పది అడుగుల దూరంలో ఎదురైతే ఏం చేయాలి

ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేసరికి నన్ను ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు. మా వరంగల్ చుట్టుపక్కల తాడ్వాయి అడవి దారిలో బండి మీద వెళ్లేవాళ్లు, పాకాల చెరువు చూడబోయే కుటుంబాలు, పాండవుల గుట్టలు ఎక్కాలని బయలుదేరిన కాలేజీ కుర్రాళ్లు, తునికాకు (బీడీ ఆకు) కోతకు వెళ్లే మా ఊరివాళ్లు, అందరూ అడిగేది అదే: "ఎలుగుబంటి ఎదురుపడితే ఏం చేయాలి?" విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఒక్కచోట రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఎలుగు మనిషిని తినడానికి రాదు. చీమలు, చెదలు, తేనె, పండ్లు దాని తిండి. దానికి చూపు మందం, వినికిడి అంతంత మాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. మన ఊళ్లలో గుడ్డెలుగు అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ మందచూపే గుర్తొస్తుంది. తల పుట్టలో దూర్చి తవ్వుకుంటున్నప్పుడు పక్కకు మనిషి వచ్చినా దానికి తెలియదు. తెలిసిన క్షణంలో బెదిరిపోతుంది. పులులు తిరిగే అడవుల్లో తరతరాలుగా బతికిన జంతువు కనుక, బెదిరితే పారిపోవడం కంటే మీద పడడమే దానికి అలవాటైంది. కాబట్టి మన పని చాలావరకు దాన్ని బెదరగొట్టకుండా చూసుకోవడమే. ఆ పని ఎదురుపడక ముందే జరగాలి. పది అడుగుల దూరంలో నిలబడ్డాక మన చేతిలో మిగిలేది చాలా తక్కువ.

కావలసినవి

ఛాతీ ఎత్తు గట్టి కర్ర ఒకటి. దాని పైకొనకు మేకల మెడలో కట్టే గంటో, నాలుగు గజ్జెలో బిగించి కట్టండి. కర్ర కొట్టడానికి కాదు, చప్పుడుకు. తోడు ఇద్దరైనా ఉండాలి. చీకటి వేళ తప్పనిసరైతే తలకు కట్టుకునే టార్చి, ఎందుకంటే చేతులు ఖాళీగా ఉండాలి. వీపుకు తగిలించుకునే సంచి, అందులో రెండు శుభ్రమైన నూలు తువ్వాళ్లు, ఒక సబ్బుబిళ్ల, రెండు లీటర్ల నీళ్లు. ఆ సంచి అవసరమైతే వీపుకు కవచం కూడా అవుతుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఫోనులో మీ ప్రాంతపు అటవీ బీట్ అధికారి నంబరు ఉండాలి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.

వద్దన్నవి మూడు: చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వెంట కుక్క, కడుపులో మందు. కుక్క సంగతి చాలామంది నమ్మరు. అది ఎలుగును చూసి మొరుగుతూ మీదికి ఉరుకుతుంది, ఎలుగు తిరగబడగానే తోక ముడిచి నేరుగా యజమాని కాళ్ల దగ్గరకు పరిగెత్తుకొస్తుంది. వెనకే ఎలుగూ వస్తుంది. టపాసులు తీసుకెళ్తామంటారు కొందరు. ఎండాకాలం ఎండుటాకుల్లో నిప్పురవ్వ పడితే ఎలుగు కంటే పెద్ద ఆపద అదే.

వెళ్లేముందు, నడిచేటప్పుడు

1. వేళ చూసుకోండి. ఎలుగు ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా తిరుగుతుంది, పగటివేడిలో పొదల్లోనో, బండరాళ్ల సందుల్లోనో పడుకుంటుంది. ఇప్పపువ్వు కూడా తెల్లవారుజామునే రాలుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. మార్చి, ఏప్రిల్‌లో మనిషికీ, ఎలుగుకూ ఒకే చెట్టు కింద ఒకే వేళ పని పడుతుంది. పైగా చలికాలంలో గుహల్లో పుట్టిన పిల్లలు అప్పటికి తల్లి వీపెక్కి తిరుగుతుంటాయి. పూర్తిగా వెలుతురు వచ్చాకే చెట్టు దగ్గరకు వెళ్లండి. పువ్వు పశువుల పాలవుతుందనుకుంటే ముందురోజు సాయంత్రమే చెట్టు కింద వలో, పాత చీరలో నేలకు ఎత్తుగా కట్టి రండి. తెల్లవారాక తీరిగ్గా వెళ్లి ఎత్తుకోవచ్చు.

   చెంబు పట్టుకుని చీకట్లో గుట్టవైపు వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకూ ఇదే మాట. ఒంటరిగా, చప్పుడు లేకుండా, పొద పక్కన, మసక వెలుతురులో వంగి కూర్చున్న మనిషి. ఎలుగును బెదరగొట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? మేడారం జాతర రోజుల్లో గుడారాలకు దూరంగా వెళ్లే భక్తులూ ఇది గుర్తుంచుకోండి.

2. జాడలు చదవండి. ఇందుకు పెద్ద చదువేమీ అక్కర్లేదు, నేల చూసి నడిస్తే చాలు.

   పుట్ట: చెదపుట్ట అడుగున గానీ పక్కన గానీ బిందె పట్టేంత గుంత, చుట్టూ విసిరిన మట్టి. మట్టిని చేత్తో పట్టి చూడండి. తడిగా, ముదురు రంగులో ఉండి, తెగిన సొరంగాల్లో చెదలు ఇంకా పరుగులు పెడుతుంటే తవ్వకం ఆ పూటది. మట్టి ఆరి తేలికరంగుకు మారి, చెదలు గోడ మళ్లీ కట్టుకుంటుంటే పాతది.

   అడుగు: వెనక కాలి ముద్ర చిన్న పిల్లవాడి పాదంలా మడమతో సహా పడుతుంది, వేళ్లు అయిదు. ముందు కాలి ముద్రకు గోళ్ల గుంటలు వేళ్లకు బాగా ముందుగా కనిపిస్తాయి. చిరుత, పులి ముద్రల్లో వేళ్లు నాలుగే, గోళ్లు పడవు. రెండూ కలిపి చూస్తే పొరపాటు పడరు.

   చెట్టు: ఇప్ప, తేనెపట్టు ఉన్న మద్ది చెట్ల మొదళ్ల మీద పక్కపక్కనే గీసినట్టు గోటి గాట్లు.

   పెంట: ఆ కాలపు పండు ఏదైతే దాని గింజలే నిండి ఉంటాయి. రేగు గింజలు, తునికి గింజలు, శరత్కాలంలో సీతాఫలం గింజలు. మెరుస్తూ, ఈగలు ముసురుతుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అక్కడ పువ్వు ఎంత రాలినా సరే.

3. చప్పుడు చేస్తూ నడవండి. ఈ రాతలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. మాట్లాడుకుంటూ, కర్ర నేలకు తాటిస్తూ, మలుపుల దగ్గర ఒకసారి గట్టిగా పిలుస్తూ వెళ్లండి. మీ గొంతు ముందుగా వినిపిస్తే ఎలుగు తనంతట తాను తప్పుకుంటుంది. మీకు అది కనిపించనే కనిపించదు. ఆ రోజు ఎలుగు ఎదురుపడలేదని మీరు అనుకునే రోజుల్లో కొన్ని ఇలాంటివే.

   మీ చప్పుడు సరిపోతుందా లేదా అన్నది ముందే చూసుకోండి. ఒకరిని 50 అడుగుల ముందు మీకు వీపు చేసి నిలబెట్టండి. మీరు మామూలుగా నడుస్తూ రండి. మీరు 10 అడుగులు కదిలేలోపు వాళ్లు చెయ్యెత్తాలి. ఎత్తలేదంటే గంట మార్చండి, లేదా గొంతు పెంచండి. వాగు పారుతున్న చోట, గాలి హోరున వీస్తున్నప్పుడు ఈ లెక్క సగానికి పడిపోతుంది.

   గాలిదీ ఇందులో వాటా ఉంది. గుప్పెడు ధూళి వదిలి చూడండి. గాలి మీ వెనక నుంచి ముందుకు వెళ్తుంటే మీ వాసన ముందే చేరుతుంది, మంచిదే. ముందు నుంచి మీ ముఖానికి కొడుతుంటే ఎలుగు ముక్కుకు మీరు లేనట్టే. అప్పుడు చప్పుడు రెట్టింపు చేయండి.

4. ఆగి చూడాల్సిన చోట్లు. తునికి పొదలోకి వంగేముందు కర్రతో పొదను పక్క నుంచి రెండుసార్లు కదిలించి ఆగండి. ఏప్రిల్, మే ఎండల్లో పొద నీడ మనకెంత హాయో దానికీ అంతే. పాండవుల గుట్టల్లో రాతి చిత్రాలు చూడబోయేవాళ్లు, గుహ కనిపిస్తే చాలు ఫోను ముందుకు చాచి తల లోపల పెడతారు. లోపల దుర్వాసన, నేల మీద నల్లటి వెంట్రుకలు, గింజల పెంట ఉంటే అది చిత్రాల గుహ కాదు, ఒకరి ఇల్లు. ముందుగా దూరం నుంచి పక్కకు నిలబడి గట్టిగా మాట్లాడండి. గుహ ద్వారానికి నేరుగా ఎదురుగా ఎప్పుడూ నిలబడకండి. ఎలుగు బయటకు రావడానికి ఉన్నది అదొక్కటే దారి, ఆ దారిలో మీరుండకూడదు.

నా సొంత పాఠం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఇంటర్ అయిన ఏడాది వేసవిలో పాకాల వైపు మా పెద్దమ్మతో తునికాకు కోతకు వెళ్లాను. 50 ఆకుల కట్టలు నా కంటే ఆమే రెండింతలు కట్టేది, దానితో నాకు పౌరుషం వచ్చి ముందుకు వెళ్లిపోయాను, మాటా పలుకూ లేకుండా. ఒక పొద అవతల వింత చప్పుడు వినిపించింది. వేడి టీని సాసర్లో పోసుకుని ఎవరో గట్టిగా జుర్రుతున్నట్టు, మధ్యలో ఉఫ్ఫుమని ఊదుతున్నట్టు. అడవిలో టీ ఎవరు తాగుతారు అనుకుని తొంగి చూశాను. పన్నెండు అడుగులు ఉంటుందేమో. నల్లటి వెనకభాగం, ఎగురుతున్న ఎర్రమట్టి. ఎలుగుకు పైపలువరసలో ముందు పళ్లు రెండుండవు. ఆ సందులోంచే మట్టిని ఊది, చెదల్ని పీల్చుకుంటుంది. ఆ చప్పుడు వంద అడుగుల అవతలికి కూడా వినిపిస్తుంది, వినాలనుకునేవాడికి.

పెద్దమ్మ ఎప్పుడు వచ్చిందో, నా చొక్కా వెనక నుంచి పట్టుకుంది. అరవలేదు, లాగలేదు. పట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి వేసింది, నేనూ వేశాను. ఏడో ఎనిమిదో అడుగుకు ఎండుకొమ్మ విరిగింది. ఎలుగు తల ఎత్తింది. మట్టి అంటిన తెల్లమూతి, ఛాతీ మీద తెల్లటి వంకర గీత. రెండు కాళ్ల మీద లేచి గాలిని వాసన చూసింది. పెద్దమ్మ మామూలు గొంతుతో, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు, "పోతున్నాం, పోతున్నాం" అంది. అది ఒకసారి గట్టిగా ఊది, నాలుగు కాళ్ల మీద పడి, పొదలన్నీ విరుచుకుంటూ అవతలికి పోయింది. కట్టలు అక్కడే వదిలేసి వచ్చాం. ఆ రోజు కూలి పోయింది. దారిలో పెద్దమ్మ తిట్టింది ఒకే విషయానికి: నోరు మూసుకుని నడిచినందుకు.

ఎదురైనప్పుడు

5. దూరంగా కనిపిస్తే (వంద అడుగులు, ఆపైన): అది మిమ్మల్ని చూడకపోతే చూడనివ్వకండి. దాని వైపే కళ్లు పెట్టి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. ఫొటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. కేకలు వేయడం, రాళ్లు విసరడం వద్దు. చుట్టూ పిల్లలున్నాయేమో చూడండి, తల్లికీ పిల్లకీ మధ్యలో మాత్రం ఉండకూడదు. వీపు మీద నల్లటి మూట కదిలినట్టుంటే అది పిల్లే. తప్పించుకుని ముందుకే వెళ్లాలంటే దానికి బాగా దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి, లేదా అరగంట ఆగండి.

6. దగ్గరగా ఎదురైతే (ముప్పై అడుగుల లోపు): ఉన్నచోటే ఆగిపోండి. పరిగెత్తకండి. మనిషి ఎంత వేగంగా పరిగెత్తినా అది అంతకంటే వేగంగా వస్తుంది, మీ వీపు చూసి మరీ వస్తుంది. చేతిలో కర్ర ఉంటే మీకూ దానికీ మధ్య అడ్డంగా పట్టుకోండి, ఎత్తి ఊపకండి. తక్కువ గొంతుతో మాట్లాడండి, మీరు మనిషేనని దానికి తెలియాలి. కళ్లలోకి గుచ్చి చూడకుండా, దాన్ని కంటి చివర ఉంచుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేయండి. కాలు వేసేముందు మడమతో నేల తడిమి వేయండి. ఇక్కడ పడిపోవడం కంటే ఆలస్యం నయం.

   అది రెండు కాళ్ల మీద లేస్తే మీద పడబోతోందని అర్థం కాదు. వాసన పట్టడానికీ, మందచూపుతో పోల్చుకోవడానికీ లేస్తుంది. ఆ రెండు మూడు క్షణాలు మీకు ఇచ్చిన గడువు, కదలకుండా ఉండండి. దానికి తప్పించుకునే దారి ఎటు ఉందో చూసి ఆ దారి వదలండి. గుట్ట సందులో, కంచె మూలలో, బావి గట్టున ఇది మరీ ముఖ్యం.

   గుంపుగా ఉంటే దగ్గరికి జరిగి భుజం భుజం ఆనించి నిలబడండి, పిల్లలు మధ్యలో. ఒకరు పరిగెత్తితే అందరికీ ముప్పు.

7. మీదికి ఉరికితే: కొన్నిసార్లు సగం దూరం వచ్చి ఆగి, ఊది, వెనక్కి పోతుంది. అందుకే ఉరికిన మొదటి క్షణంలోనే నేల మీద పడకండి. కర్ర అడ్డంగా, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి గట్టిగా ఒక్క కేక వేయండి. గుంపైతే అందరూ కలిసి. ఆగితే మళ్లీ ఆరో అంచెకు వెళ్లి వెనక్కి జరగండి. ఆగకుండా చేతికందే దూరానికి వచ్చేస్తే ఎనిమిదికి వెళ్లండి.

8. పట్టుకుంటే: బోర్లా పడుకోండి. వెల్లకిలా కాదు, బోర్లా. ఎలుగు గాయాల్లో ఘోరమైనవి ముఖానికీ, తలకూ తగిలేవి. ముందుకాళ్ల గోళ్లు మన వేలంత పొడవుంటాయి, ఒక్క దెబ్బకు కన్ను పోతుంది. ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెంపలు కప్పుకోండి. కాళ్లు కాస్త ఎడంగా చాచండి, దొర్లించినా తిరగబడకుండా ఆపుతాయి. దొర్లించేస్తే మళ్లీ బోర్లాకే రండి. వీపు సంచి తీయకండి, దెబ్బలు దాని మీద పడనివ్వండి. కేకలు, తన్నులు ఆపండి. మీరు కదలడం మానేస్తే దాని భయం తగ్గుతుంది. సాధారణంగా కొద్దిసేపట్లోనే వదిలి వెళ్లిపోతుంది.

   దీన్ని ఇంట్లో చాప మీద ఒకసారి చేసి చూడండి. బోర్లా పడుకున్నాక ఇంకొకరిని మీ చెవుల దగ్గర, గొంతు దగ్గర వేళ్లు దూర్చమనండి. దూరిపోతే మోచేతులు సరిగా లేవని అర్థం. భుజం పట్టుకుని వెల్లకిలా తిప్పమనండి. తేలిగ్గా తిరిగిపోతే కాళ్లు చాచలేదన్నమాట. రెండు నిమిషాల పని. నవ్వులాటగా ఉంటుంది గానీ ఒళ్లు నేర్చుకుంటుంది. ఆ క్షణంలో బుర్ర పనిచేయదు, ఒళ్లే చేయాలి.

9. తోటివాళ్లు: ఒక్కరే దూకకండి, ఇద్దరు గాయపడతారు. ఉన్నవాళ్లంతా ఒక్కచోట చేరి, కర్రలు నేలకు బాదుతూ, ఒకే గొంతుగా అరుస్తూ ఒకవైపు నుంచే కదలండి. నాలుగు వైపులా చుట్టుముడితే దానికి పోయే దారి ఉండదు. వదిలాక వెంటపడకండి.

10. వదిలి వెళ్లాక: వెంటనే లేవకండి. మనసులో నూరు లెక్కపెట్టండి. పొదల చప్పుడు దూరమవుతూ ఆగిందో, దగ్గర్లోనే ఆగిందో వినండి. తల మాత్రమే కొద్దిగా తిప్పి చూడండి. తొందరపడి లేచి మళ్లీ దెబ్బ తినడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. లేచాక అది పోయిన దిక్కుకు ఎదురు దిక్కున నడవండి.

గాయమైతే

11. రక్తం ముందు, కడగడం తర్వాత. ధారగా కారుతుంటే తువ్వాలు మడిచి గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. పది నిమిషాలు గడియారం చూసి మరీ నొక్కండి, మధ్యలో ఎత్తి చూడకండి. తువ్వాలు తడిసిపోతే తీయకుండా దాని మీదే రెండోది పెట్టండి. పైగుడ్డకు కొత్తగా ఎరుపు ఎక్కడం లేదంటే ఆగినట్టు. తల మీద చర్మం లేచిపోతే కోయకండి, పారేయకండి. మెల్లగా దాని చోట్లోకే పరిచి శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. ముఖానికి, నోటికి దెబ్బైతే వెల్లకిలా పడుకోబెట్టకూడదు, రక్తం గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి కొద్దిగా ముందుకు వంచండి. కంటికి తగిలితే నొక్కవద్దు, కడగవద్దు, వదులుగా కప్పండి చాలు.

    రక్తం అదుపులో ఉన్న చిన్న గాయాలు, గీతలు అన్నీ సబ్బుతో, పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కాఫీపొడి, కిరోసిన్, పసరు ఏవీ వద్దు. మా ఊళ్లో ఒకాయనకు ఎలుగు చేసిన గాయం కంటే ఆకు పసరు చేసిన పుండే ఎక్కువ కాలం బాధించింది.

12. ఆసుపత్రి, ఆ తర్వాత అటవీశాఖ. 108కి ఫోను చేయండి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లాల్సి వస్తే వెనక ఒకరు పట్టుకునే ఉండాలి. ముఖం, తల గాయాలకు చిన్న ఆసుపత్రిలో రక్తం ఆపించి, వరంగల్ ఎం.జి.ఎం. లాంటి పెద్ద ఆసుపత్రికి పంపమని మీరే అడగండి. ఎలుగు గీరినా, కరిచినా రేబిస్ టీకా తప్పనిసరి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా కావాలి. ధనుర్వాతం సూది వేరు, రేబిస్ టీకా వేరు. ఒకటి వేశారంటే రెండూ వేసినట్టు కాదు. వచ్చేటప్పుడు చీటీలో మూడు చూసుకోండి: రేబిస్ టీకా తర్వాతి తేదీలు రాశారా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చిన సంగతి రాశారా, ధనుర్వాతం సూది రాశారా.

    గాయాల ఫొటోలు కట్టు కట్టకముందే తీసి ఉంచండి. జరిగిన చోటు, వేళ చెబుతూ అటవీ అధికారులకు అదేరోజు తెలపండి. వన్యమృగాల దాడికి ప్రభుత్వ పరిహారం ఉంది. ఆసుపత్రి కాగితాలు, అధికారుల విచారణ నివేదిక రెండూ ఉంటేనే దరఖాస్తు కదులుతుంది. ఆసుపత్రి చీటీలో "జంతువు దాడి" అని కాకుండా "ఎలుగుబంటి దాడి" అని రాయించుకోండి. ఆ ఒక్క మాట లేక మా బంధువొకరు నెలల తరబడి తిరిగారు.

తరచూ జరిగే పొరపాట్లు

చెట్టెక్కడం. బడిలో విన్న ఇద్దరు స్నేహితుల కథ మనందరి బుర్రల్లో ఉంది కదా, ఒకడు చెట్టెక్కి, ఇంకొకడు చచ్చినట్టు పడుకుని ఇద్దరూ బతికారని. ఆ కథలో స్నేహం సంగతి సరే, ఎలుగు సంగతి తప్పు. తేనె కోసం అది మనకంటే చకచకా చెట్టెక్కుతుంది. రెండోవాడు చచ్చినట్టు పడుకోవడంలో సగం నిజం ఉంది గానీ ఎప్పుడు, ఎలా అన్నది ఎనిమిదో అంచెలో చెప్పాను. అది తాకకముందే, అదీ వెల్లకిలా పడుకుంటే ముఖం అప్పగించినట్టే.

వాలులో దిగువకు పరిగెత్తితే జుట్టు కళ్ల మీద పడి దానికి దారి కనిపించదనేది ఇంకో నమ్మకం. నమ్మకండి. గుట్ట దిగువకు అది బండరాయి దొర్లినట్టు వస్తుంది, కాలు జారేది మనకే.

నిశ్శబ్దం ఇక్కడ పనికి రాదు. "అడవిలో గప్‌చుప్‌గా నడవాలి" అని ఎవరో నేర్పిన పాఠం ఎలుగు అడవిలో పక్కన పెట్టండి. అయితే ఇది నడిచేటప్పటి చప్పుడు. పది అడుగుల దూరంలో హఠాత్తుగా డప్పు కొట్టడం వేరు సంగతి. దూరంలో చప్పుడు హెచ్చరిక, దగ్గరలో బెదిరింపు.

గొడ్డలి ఉందని ధైర్యపడడం కూడా చూస్తుంటాను. గాయపడిన ఎలుగు, మామూలుగా వదిలేసే మనిషిని కూడా వదలదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి గట్టి రక్షణ ఉంది, చంపడం నేరం.

బండి మీద, ఊళ్లో

రాత్రి అడవి రోడ్డు మీద ఎలుగు కనిపిస్తే వంద అడుగుల అవతలే ఆపండి. ఇంజను ఆపకండి, లైటు తక్కువ వెలుగులో పెట్టండి, హారన్ మోగించకండి. ఒకటి రోడ్డు దాటితే వెంటనే కదలకండి. వెనక పిల్లలుండొచ్చు, రెండు నిమిషాలు ఆగండి.

కరీంనగర్ వైపు గ్రానైటు గుట్టల పక్కన ఊళ్లలో, మక్కజొన్న చేలలో పగటిపూట ఎలుగు దూరిందన్న వార్త వింటే ఎక్కువమంది చేసే పని, ఫోన్లు పట్టుకుని అక్కడికి పరిగెత్తడం. చుట్టూ గుంపు, ఈలలు, కుక్కలు. దారి కనిపించని ఎలుగు ఎటు దూసుకొస్తే అటున్నవాడికి దెబ్బ. పిల్లల్ని ఇళ్లలో పెట్టి తలుపులు వేయండి, కుక్కల్ని కట్టేయండి, గుట్టవైపు దారిని ఖాళీగా వదలండి, అటవీశాఖకు చెప్పండి. చీకటి పడితే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది. చేను బావికి గట్టు లేకపోతే ఈ ఎండాకాలంలోపే కట్టించండి, నీళ్ల కోసం వచ్చి అందులో పడిన ఎలుగు ఊరంతటికీ తలనొప్పే.

పిల్లలకు చెప్పే ముందు వాళ్లకు ఎలుగును చూపించడం మంచిది. హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూకు తీసుకెళ్లి, గోళ్లు ఎంత పొడవో, అది తల ఎలా ఊపుతుందో, నడక ఎంత నెమ్మదిగా ఉండి ఎంత హఠాత్తుగా వేగం అందుకుంటుందో చూడనివ్వండి. తిరిగి వచ్చాక చాప పరిచి, ఎనిమిదో అంచె వాళ్ల చేత చేయించండి. మా ఇంట్లో చిన్నవాడు మోచేతులు బాగానే పెడుతున్నాడు గానీ కాళ్లు చాచడం ప్రతిసారీ మరిచిపోతున్నాడు. ఇంకో రెండు ఆదివారాలు చేయించాలి.